ఆధారాన్ని తూచడం – 4వ పాఠం: ఆకాశరామన్న ఎవరు?

పోయిన పాఠంలో కళ్లారా చూసి చెప్పినదాన్నీ, ఎవరో అంటే విని చెప్పినదాన్నీ విడదీయడం నేర్చుకున్నాం. ఈసారిది ఇంకాస్త చిక్కు పని. చెప్పిందేమిటో తెలుసు, చెప్పిందెవరో తెలియదు. మాటను పట్టుకుని మనిషి దాకా వెళ్లాలి. సాధన చేయడానికి వాటర్‌గేట్‌ను మించిన కేసు లేదు. ముప్పై ఏళ్లకు పైగా అమెరికా అంతా వాదించుకున్నాక జవాబు బయటికొచ్చింది కాబట్టి, మన లెక్క తప్పో ఒప్పో సరిచూసుకునే వీలుంది.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనాల్లో ఉన్న డెమోక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలోకి చొరబడిన ఐదుగురు దొరికిపోయారు. తీగ లాగితే డొంకంతా కదిలి, 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగారు. ఆ మధ్యకాలంలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి బాబ్ వుడ్‌వర్డ్‌కు లోపలి సంగతులు నిజమో కాదో చెబుతూ వచ్చిన మనిషికి ఆ పత్రికవాళ్లు పెట్టుకున్న మారుపేరు డీప్ థ్రోట్. వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ కలిసి 1974లో పుస్తకం తెచ్చేదాకా అలాంటివాడు ఒకడున్నాడనే జనానికి తెలియదు. బాల్కనీలో ఎర్రజెండా గుచ్చిన పూలకుండీని వెనక్కి జరిపితే కలవాలని సైగ. కలిసేది అర్ధరాత్రి దాటాక, భూగర్భ పార్కింగ్‌లో. అందరికీ గుర్తుండిపోయింది ఈ పూలకుండీయే. మనకు మాత్రం అది దండగ, ఎందుకంటే అనుమానితుల్లో ఒక్కరి పేరు కూడా అది తగ్గించదు.

ఇక నోట్‌బుక్ తీయండి. పేజీని మూడు గళ్లు చేయండి. ఏం చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు, ఆ తేదీకి ఆ సంగతి ఎవరెవరి చెవిన పడే వీలుంది. మూడో గడి నింపడమే అసలు పని. ఆ రోజుల్లో చాలామంది దీన్ని తిరగేసి చేశారు. ముందు పేరు అనుకుని, తర్వాత ఆధారాలు ఏరుకున్నారు. అలెగ్జాండర్ హేగ్, పాట్ బుకానన్, హెన్రీ కిసింజర్, ప్యాట్రిక్ గ్రే... నిక్సన్ ప్రభుత్వంలోని ఈ పెద్దల్లో ఏ పేరు చెప్పినా దానికి తగ్గ కారణాలు దొరికేవి. లోపలి మనిషి, లోలోపల కోపం ఉన్నవాడు, విలేకరులతో పరిచయం ఉన్నవాడు అంటే అప్పటి వాషింగ్టన్‌లో సగంమంది వస్తారు. నలుగురైదుగురిని కలిపి ఒక్కడిగా చూపించారన్న వాదమైతే మరీ ఘోరం. దానికి ఏ ఆధారం అడ్డొచ్చినా "అది ఇంకొకడు చెప్పుంటాడు" అని తప్పించుకోవచ్చు. ఎప్పటికీ ఓడని వాదాన్ని పట్టికలోకే రానివ్వకండి.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా కనబడిన ఆధారం. నిక్సన్ తన గదిలో మాటల్ని గుట్టుగా రికార్డు చేయించిన టేపుల్లో కావాలని చెరిపేసిన చోట్లున్నాయని డీప్ థ్రోట్ 1973 నవంబరు మొదటి వారంలో చెప్పినట్టు పుస్తకంలో ఉంది. పద్దెనిమిదిన్నర నిమిషాల ఖాళీ సంగతి కోర్టుకు తెలిసింది నవంబరు 21న. మూడో గడిలో ఎవరిని రాస్తారు? వైట్‌హౌస్‌లో గుప్పెడుమందిని. ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో పనిచేసిన మార్క్ ఫెల్ట్ ఆ ఏడాది జూన్‌లోనే రిటైరయ్యారు కాబట్టి ఆయన పేరు కొట్టేస్తారు. అంతేనా?

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం విద్యార్థులు బిల్ గెయిన్స్ అనే ప్రొఫెసర్ దగ్గర ఒక్కొక్క పేరూ ఏరివేస్తూ వచ్చి, 2003లో ఫ్రెడ్ ఫీల్డింగ్ అని తేల్చారు. వైట్‌హౌస్ న్యాయసలహాదారు జాన్ డీన్ కింద పనిచేసినాయన. విద్యార్థుల కష్టానికి వంక పెట్టలేం. కానీ 2005 మే 31న వానిటీ ఫెయిర్ పత్రిక ద్వారా ఆ మనిషిని తానేనని ఫెల్ట్ బయటపెట్టుకున్నారు. అదే రోజు పోస్ట్ కూడా అవునంది.

మూడో గడిలో "తెలిసే వీలున్నవాళ్లు" అని రాయాల్సిన చోట "అక్కడ కూర్చున్నవాళ్లు" అని రాసుకుంటే ఇలాగే అవుతుంది. కుర్చీ దిగినంత మాత్రాన పెద్ద అధికారికి పాత సహచరుల ఫోన్లు ఆగిపోవు. దారి నాకు కనబడలేదు అనడం వేరు, దారే లేదు అనడం వేరు. రెండోది చూపించగలిగితేనే పేరు కొట్టేయాలి. లేదంటే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి.

ఇదే గడిని ఇంకో వైపు నుంచీ నింపొచ్చు. ఆ మనిషి ప్రభుత్వ కార్యనిర్వాహక శాఖలోనివాడనీ, వైట్‌హౌస్ సంగతులూ నిక్సన్ ఎన్నికల కమిటీ సంగతులూ రెండూ అతనికి అందేవనీ పుస్తకమే చెప్పింది. చాలామంది దాన్ని వైట్‌హౌస్ అనే చదువుకున్నారు. న్యాయశాఖ కింద ఉండే ఎఫ్‌బీఐ కూడా కార్యనిర్వాహక శాఖలోదే. కేసు దర్యాప్తు చేస్తున్నదీ అదే. రెండు చోట్ల కాగితాలూ వచ్చి చేరే బల్ల ఎవరిదని అడిగితే ఫెల్ట్ గది కనబడుతుంది. ఒకప్పుడు పోస్ట్‌లో పనిచేసిన జేమ్స్ మాన్ 1992లోనే ఎఫ్‌బీఐ వైపు వేలు చూపించారు.

కాదన్న మాటలకు ఎంత విలువివ్వాలి? నా లెక్కలో సున్నా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని కొందరు మురిసిపోతారు గానీ, అసలువాడూ కాదంటాడు, కానివాడూ కాదంటాడు. ఫెల్ట్ దశాబ్దాలపాటు కాదన్నారు. నేనైతే ఇంకా బాగా చేసుండేవాణ్నని 1999లో ఒక పత్రికతో అన్నారు కూడా.

అభ్యాసం. సమాచారం బయటికి పంపుతున్నది ఫెల్టేనని 1972 అక్టోబరు 19న నిక్సన్‌తో ఆయన ఆంతరంగికుడు హాల్డెమన్ అన్నమాట వైట్‌హౌస్ టేపుల్లో ఉంది. ఆ హాల్డెమనే 1978లో తన పుస్తకంలో డీప్ థ్రోట్ ఫీల్డింగ్ అని రాశారు. "లీకులిస్తున్నాడు", "వుడ్‌వర్డ్‌ను కలిసేది ఇతనే" అనేవి రెండు వేర్వేరు వాక్యాలని గుర్తుపెట్టుకుని, ఈ రెండు మాటలకూ విడివిడిగా బరువు వేయండి.

తర్వాత ఇది చూడండి. వారెంటు లేని సోదాలకు అనుమతిచ్చారన్న కేసులో 1980లో ఫెల్ట్ బోనెక్కితే, నిక్సన్ స్వయంగా కోర్టుకొచ్చి ఆయనకు అనుకూలంగా సాక్ష్యం చెప్పారు. మీరు ఆ ఏడాదిలో ఉన్నారనుకోండి. దీంతో మీ పట్టికలో ఫెల్ట్ పేరు పైకెళ్తుందా, కిందికి దిగుతుందా, కదలదా? అక్టోబరు 19 మాట మీకు తెలియదనుకుని ఒక జవాబు, తెలుసనుకుని ఇంకో జవాబు రాయండి. రెండూ ఒకటే వస్తే ఎందుకొచ్చిందో రాయండి.