తిరుపతి వానలకు మీ ఒళ్లు అలవాటు పడేదాకా

కువైట్ నుంచో, అమెరికా నుంచో వచ్చి తిరుపతిలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ముందు ఇక్కడి వానల లెక్క తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో వానలు వెనకపట్టే రోజుల్లో మనకు అసలు వానలు ఊపందుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే రెండు మూడు రోజులు ముసురే. కపిలతీర్థంలో జలపాతం దూకుతుంటే చూడ్డానికి పిల్లలను తీసుకెళ్తాం, బాగుంటుంది. కానీ అవే రోజుల్లో ఇంట్లో దండెం మీద వేసిన బట్టలు ఆరవు. చర్మానికి కష్టం అక్కడ మొదలవుతుంది.

ఎడారి దేశంలో చెమట పట్టీపట్టగానే ఆవిరైపోతుంది. ఇక్కడ గాలి నిండా తేమ ఉన్నప్పుడు అది ఒంటిమీదే నిలిచిపోతుంది. చర్మం పైపొర నాని మెత్తబడుతుంది. చెమట దారులు మూసుకుపోయి మెడ మీద, వీపు మీద చెమటకాయలు లేస్తాయి. గజ్జల్లో, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో ఒరుసుకుపోయి తామర పట్టుకుంటుంది, అది ఫంగస్ వల్ల వచ్చే జబ్బు.

తామర గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను ఆ బాధ పడ్డాను. కువైట్‌లో పదకొండేళ్లు ఉండి వచ్చాను. చర్మం పగలకుండా అక్కడ రాసుకున్న చిక్కటి క్రీమునే ఇక్కడా పూసుకునేదాన్ని. తొలి నవంబరులోనే నడుము చుట్టూ గుండ్రటి ఎర్ర మచ్చలు వచ్చాయి. ఒక మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. మూడు రోజుల్లో దురద పోయింది. హమ్మయ్య అనుకుని మానేశాను. రెండు వారాలకు మచ్చలు రెట్టింపై తిరిగొచ్చాయి. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ అదే కథ. నాలుగు నెలల తర్వాత చర్మ డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి, అందులో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉందని చెప్పింది. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణుస్తుంది, ఫంగస్‌ను చంపదు. పైగా మన ఒంటి ప్రతిఘటనను తగ్గించి దాన్ని పెరగనిస్తుంది. గజ్జల్లాంటి పలచటి చోట్ల ఎక్కువ రోజులు రాస్తే చర్మం ఇంకా పలచబడి చారలు పడతాయి, అవి పోవు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. అయినా అడిగితే దొరుకుతున్నాయి. దయచేసి అడగకండి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్ అనే పేర్లు కనిపిస్తే, డాక్టర్ రాసి ఉంటే తప్ప తామరకు వాడకండి.

డాక్టర్ ఇచ్చిన మందు మచ్చ మీదే కాదు, దాని చుట్టూ రెండు వేళ్ల వెడల్పు దాకా రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా చెప్పినన్నాళ్లూ రాయాలి. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లనీ చూపించండి. తువ్వాళ్లు, లోదుస్తులు, దుప్పట్లు ఎవరివి వాళ్లవే. మాటిమాటికీ వస్తుంటే ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

బట్టల సంగతికొస్తే, బిగుతు జీన్స్ ఈ మూడు నెలలూ బీరువాలో ఉంచండి, నూలు బట్టలు కట్టుకోండి. ఆరకపోతే ఫ్యాను కింద వేసి, లోపలి వైపు తిప్పి కుట్ల దగ్గర బాగా వేడిగా ఇస్త్రీ చేయండి. తడి లోదుస్తులు ఒంటి వేడికి ఆరతాయిలే అనుకోవద్దు.

అలిపిరి మెట్ల దారిన నడిచి వెళ్లేవాళ్లు ఒక పొడి తువ్వాలు, ఒక జత పొడి బట్టలు కవర్లో పెట్టుకోండి. మూడున్నర వేలకు పైగా మెట్లు ఉత్త కాళ్లతో వానలో ఎక్కాక పాదాలు నానిపోయి ఉంటాయి. పైకి చేరగానే కడుక్కుని, వేళ్ల సందుల్లో ఒక్కొక్కటీ తుడుచుకోండి. మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్నవాళ్లు, ముఖ్యంగా పసిపిల్లల తల్లులు, చందనం పూసి తడి తలమీదే టోపీ పెట్టేస్తారు. చందనం ఆరనివ్వండి, తర్వాత మంచినీళ్లతో కడిగి మెత్తగా అద్దండి. తలమీద చీము పొక్కులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

దీపావళికి నువ్వుల నూనె పెట్టి సున్నిపిండితో తలంటు పోసుకోవడం మానమని నేను చెప్పను. మా అవ్వ పోసిన తలంటు హాయి ఇప్పటికీ ఒంటికి గుర్తుంది. నూనె మడతల్లో మిగలకుండా కడుక్కుంటే చాలు. తామర ఉన్నచోట మాత్రం పిండి పెట్టి రుద్దకండి. మామూలు రోజుల్లో సబ్బు తక్కువగా, స్నానం తర్వాత పలచటి లోషన్, అదీ పొడిబారిన చోటే.

2021 నవంబరులో వీధులు చెరువులైనప్పుడు ఆ నీళ్లలో నడవక తప్పలేదు. అలా నడవాల్సి వస్తే, కాలికి పుండు ఉంటే ముందే కట్టుకోండి, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోండి. తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే నీళ్లలో నడిచానని డాక్టరుకు తప్పక చెప్పండి.

చర్మ సమస్యకు రుయా ఆసుపత్రి ఓపీకి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా, అంతవరకు రాసుకున్న ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకెళ్లండి. ఆ ఉదయం మాత్రం మచ్చ మీద ఏమీ రాయకుండా వెళ్లండి. డాక్టరు దాన్ని ఉన్నదున్నట్టు చూడాలి.