లిల్‌కి కొత్తగా వచ్చారా? ఊరి చుట్టూ ఉన్న నేల గురించి కూడా తెలుసుకోండి

చదువుకనో ఉద్యోగానికనో ఉత్తర ఫ్రాన్స్‌లో దిగిన మనవాళ్లకు ఇంటి అద్దె, బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ పర్మిట్, మన సరుకులు దొరికే కొట్లు, ఇవన్నీ చెప్పడానికి ముందొచ్చినవాళ్లు ఉన్నారు. నేల గురించి చెప్పేవాళ్లు తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో లిల్ నగరం 1914 అక్టోబరు నుంచి 1918 అక్టోబరు దాకా జర్మన్ల చేతుల్లో ఉంది. పడమరగా పదిహేను కిలోమీటర్లు వెళ్తే, ఆర్మెంతియెర్ దగ్గర, బ్రిటిష్ కందకాలు ఉండేవి. వారాంతంలో మీరు సైకిలు తొక్కే పొలాల మీదే లక్షల మంది నాలుగేళ్లు కొట్టుకున్నారు. ఇక్కడ కాపురం పెట్టేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని ఉండాలని నా కోరిక.

ముందు ప్రాణానికి సంబంధించిన మాట. పొలం గట్టున గానీ, కాలువ ఒడ్డున గానీ, అడవి దారిలో గానీ తుప్పు పట్టిన ఇనప ముద్ద కనిపిస్తే ముట్టుకోవద్దు, కాలితో కదపొద్దు. అప్పట్లో పేలకుండా భూమిలో దిగబడిన ఫిరంగి గుండ్లు ఇప్పటికీ ఏటా నాగళ్లకు తగిలి పైకొస్తున్నాయి. నూరేళ్లు దాటినా అవి పేలతాయి. కొన్నిట్లో విషవాయువు ఉంటుంది. రైతులు వాటిని గట్టున పెట్టి కబురు చేస్తే బాంబుల దళం వచ్చి పట్టుకెళ్తుంది. అలా పేర్చి ఉన్నవి కనిపించినా ఫొటో కోసం దగ్గరికి పోకండి. చోటు గుర్తుపెట్టుకుని, దూరం జరిగి అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. తెలియని చోట నేల మీద మంట వేయకండి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరగడం ఇక్కడ నేరం. పాత సామాన్ల సంతలో గుండు తొడుగు కొనుక్కుని విమానం ఎక్కుదామనుకుంటే తనిఖీలో ఆపేస్తారు.

ఇన్ని గుండ్లు ఇక్కడికెలా వచ్చాయంటే, 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం బెల్జియం మీదుగా పారిస్ వైపు దూసుకొచ్చింది. సెప్టెంబరులో మార్న్ నది దగ్గర ఫ్రెంచి, బ్రిటిష్ సైన్యాలు దాన్ని ఆపాయి. వెనక్కి తగ్గిన జర్మన్లు ఎన్ నది పైనున్న మెట్ట మీద గోతులు తవ్వుకుని కూర్చున్నారు. ఎదురుగా నిలబడి కాల్చడం ఆత్మహత్యేనని తెలిసి అవతలివాళ్లూ తవ్వారు. ఆపైన ఒకరి పక్కనుంచి ఒకరు చుట్టుకు రావాలని ఉత్తరానికి జరుగుతూ, జరిగిన చోటల్లా తవ్వుతూ పోయారు. చివరికి సముద్రం అడ్డొచ్చింది. ఆ ఏడాది ముగిసేసరికి బెల్జియం తీరంలోని న్యూపోర్ట్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్ల కందకాల వరస తయారైంది. చుట్టుకు రావడానికి ఇక పక్క అన్నదే లేదు.

కందకంలో దాక్కుని పోరాడడం కొత్తేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పీటర్స్‌బర్గ్ దగ్గర, 1904-05లో రష్యా, జపాన్‌లు చైనా తీరంలోని పోర్ట్ ఆర్థర్ దగ్గర ఇలాగే పోరాడాయి. కాకపోతే 1914 నాటికి ఫ్యాక్టరీలు అన్నిటినీ టన్నుల లెక్కన తయారుచేస్తున్నాయి. పశువుల కోసం పుట్టిన ముళ్లకంచె మనిషిని ఆపింది, ఆగినవాణ్ని మెషిన్ గన్ కోసింది. వెనకనున్న రైలు మార్గాలు గుండ్లనీ కొత్త సైనికులనీ రాత్రికి రాత్రే తెచ్చి పోశాయి.

ఈ యుద్ధం ఎలా సాగిందో అర్థం కావాలంటే దూరం పోనక్కర్లేదు. లిల్ నుంచి బెత్యూన్ వెళ్లే రైల్లో లా బాసే స్టేషన్లో దిగి, ఉత్తరంగా సైకిలు తొక్కితే నెవ్‌షాపెల్ అనే చిన్న ఊరు వస్తుంది. మీరు మొదట చూడాల్సింది ఇదే. 1915 మార్చి 10న బ్రిటిష్ సైన్యం తరఫున ఇక్కడ జర్మన్ల మీద దాడి చేసినవాళ్లలో దాదాపు సగం మంది భారతీయులు. భారత సైన్యపు మీరట్, లాహోర్ డివిజన్లు 1914 సెప్టెంబరు చివర్నుంచి మార్సేలో దిగడం మొదలుపెట్టి, మొదటి చలికాలమంతా ఈ పొలాల్లోనే గడిపాయి.

ఊళ్లో నిలబడి తూర్పుకి చూడండి. నేల కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది. అది ఓబేర్ మెట్ట. జర్మన్లు అటుంటే మనవాళ్లు పల్లంలో ఉన్నారు. ఇక్కడి నేల వానాకాలపు రేగడి చేనులాంటిది, దిగిన కాలు పైకి రాదు. కొద్దిగా తవ్వితే చాలు, నీళ్లు. అందుకే చాలాచోట్ల కిందికి తవ్వే బదులు ఇసక బస్తాలు పేర్చి పైకి గోడలు కట్టారు. రోజుల తరబడి నీళ్లలో నిలబడి పాదాలు కుళ్లిపోయేవి. కందకాన్ని తిన్నగా తవ్వేవారు కాదు, వంకరటింకరగా తవ్వేవారు. గుండు ఒకచోట పడితే పక్క వంపులోనివాళ్లు బతుకుతారు, శత్రువు లోపలికి దూకినా ఆ చివర్నుంచి ఈ చివరికి కాల్చలేడు. ముందు వరస వెనక రెండో వరస, దాని వెనక మూడోది. పగలు తల ఎత్తడానికి లేదు. కంచె బాగుచేయడం, తిండి మోయడం, శవాలను తేవడం అన్నీ చీకట్లోనే.

ఆ రోజు పొద్దున ఏడున్నరకు 340 దాకా ఫిరంగులు 35 నిమిషాల పాటు పేలాయి. మధ్యలో కంచె తెగిపోయింది, ఊరు గంటల్లోనే చేతికొచ్చింది. గుండ్లు సరిగా పడని రెండు చివర్లలో మాత్రం కంచె చెక్కుచెదరలేదు. అక్కడికి వెళ్లిన పటాలాలు కుప్పకూలాయి. దారి తప్పి అటు పోయిన ఒక గఢ్వాలీ పటాలం కూడా వాటిలో ఉంది. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. టెలిఫోన్ తీగలు తెగి, ముందు ఏం జరుగుతోందో వెనకనున్న జనరల్స్‌కి తెలియలేదు. ముందుకు కదలమన్న ఆజ్ఞ వచ్చేసరికి సాయంత్రమైంది. రాత్రికి జర్మన్ల కొత్త బలగాలు దిగాయి. 13వ తేదీకి అంతా ఆగిపోయింది. దక్కింది సుమారు ఒక కిలోమీటరు లోతు నేల. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి పదకొండు వేల పైనే, అందులో నాలుగు వేల పైచిలుకు భారతీయులు. వరసలోకి చొరబడడం సాధ్యమే, దాన్ని దాటి పోవడమే అసాధ్యం. తర్వాత మూడేళ్లు ఫిరంగుల లెక్క పెంచి మళ్లీ మళ్లీ ఇదే చేశారు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర ఒక్క రోజులోనే 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. విషవాయువు, సొరంగాల్లో మందుపాతరలు, ట్యాంకులు, అన్నీ ఆ చిక్కుముడి విప్పడానికి చేసిన ప్రయత్నాలే. కంచె కింద తోసి పేల్చే బెంగళూరు టార్పెడో మాత్రం అంతకుముందే, 1912లో, మన దక్షిణాది మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పుట్టింది.

ఊరి బయట కూడలిలో భారతీయుల స్మారకం ఉంది. బ్రిటిష్ సైనికులు ఆ కూడలికి పోర్ట్ ఆర్థర్ అని పేరు పెట్టుకున్నారు. 1927లో ఆవిష్కరించిన ఆ గుండ్రని ప్రాంగణంలో తామర తలపెట్టిన స్తంభం, రెండు పులులు, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా పేర్లు ఉంటాయి. అక్కడ 1915 మార్చి 10న చనిపోయి, బ్రిటిష్ సైన్యపు అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన గబ్బర్ సింగ్ నేగి పేరు వెతకండి. తిండి పొట్లాలు విప్పకుండా, నెమ్మదిగా మాట్లాడుకుంటూ తిరగండి.

సికింద్రాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఇంకొంచెం దూరం, సోమ్ దాకా, వెళ్లండి. హై వుడ్ అనే అడవి పక్కన 1916 జులై 14 సాయంత్రం సికింద్రాబాద్ అశ్వదళ బ్రిగేడ్‌కి చెందిన 20వ దక్కన్ హార్స్ బల్లేలతో పంటచేలలోంచి దూసుకెళ్లింది. అందులో సిక్కులు, జాట్‌లు, దక్కనీ ముస్లింలు ఉన్నారు. మన ఊరి పేరు మోసిన దళం ఎక్కడ పోరాడిందో మనకే తెలియకపోవడం నాకు బాధ.

1918లో యుద్ధం ఆగిన రోజు కనక నవంబరు 11 ఇక్కడా బెల్జియంలోనూ సెలవు. కాలేజీ ఉండదు, కొట్లు చాలా వరకు మూసేస్తారు, సరుకులు ముందురోజే తెచ్చుకోండి. పొద్దున మీ ఊరి మెరీ (పురపాలక కార్యాలయం) దగ్గరి స్మారకానికి వెళ్లండి. అందరికీ ప్రవేశం ఉంటుంది. పేర్లు చదువుతుంటే మాట్లాడకండి. ఇరుగుపొరుగు పెద్దవాళ్లతో పరిచయానికి అంతకంటే మంచి రోజు లేదు. మన సైనికుల సంగతి చెప్తే ఆసక్తిగా వింటారు.

బెల్జియంలోని ఈపర్‌కు కూడా ఒక సాయంత్రం కేటాయించండి. అక్కడి యుద్ధ స్మారక ద్వారం మెనిన్ గేట్ కింద, చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా, రోజూ రాత్రి 8 గంటలకు బిగిల్ ఊదుతారు. 1928 నుంచి ఉన్న ఆనవాయితీ ఇది, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలంలో తప్ప. కోర్ట్రేక్‌లో రైలు మారాలి. సరిహద్దు దాటుతారు కనక పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు దగ్గరుంచుకోండి. తిరుగు రైలు ఎన్నింటికో బయల్దేరేముందే చూసుకోండి, రాత్రిపూట కోర్ట్రేక్‌లో దొరికే రైళ్లు తక్కువ.