ఆర్టీసీ ఓఆర్ తెలిస్తే ఎయిర్‌లైన్ లెక్క సగం వచ్చినట్టే

ఎంబీఏ మూడో సెమిస్టర్‌లో ఎయిర్‌లైన్ మేనేజ్‌మెంట్ ఎలక్టివ్ తీసుకున్నానని ఫోన్‌లో చెప్పగానే, కడప డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మా నాయన మొదట అడిగింది: "విమానాలకు ఓఆర్ ఎంతుంటాది?" ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో, బస్సు సీట్లలో ఎంత శాతం నిండాయన్న లెక్క. నవ్వేశాను. రెండు వారాల తర్వాత క్లాసులో లోడ్ ఫ్యాక్టర్ అన్నారు. చూస్తే మా నాయన ఓఆరే అది.

ఈ సబ్జెక్టు ఎంచుకునేవాళ్లకు నేనిచ్చే సలహా: మొదటి వారంలోనే ఒక రూటు పట్టుకోండి, సెమిస్టర్ అయ్యేదాకా వదలకండి. మీ ఊరిదైతే మరీ మంచిది, ఎవరు ఎందుకు ఎక్కుతారో మీకే తెలుసు. నేను హైదరాబాద్–కడప పట్టుకున్నాను.

ముందు కొలతలు. ఎయిర్‌లైన్ తన సరుకును సీటు-కిలోమీటర్లలో లెక్కేస్తుంది, దాన్నే ఏఎస్‌కే అంటారు. 78 సీట్ల ఏటీఆర్ (రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న విమానం) సుమారు 300 కిలోమీటర్లు ఎగిరితే 23,400 ఏఎస్‌కే. అందులో 60 మంది ఉంటే 18,000 ఆర్‌పీకే, అంటే టికెట్ కొన్న ప్రయాణికులు తిరిగిన కిలోమీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే లోడ్ ఫ్యాక్టర్, ఇక్కడ 77 శాతం. తలకు 2,500 రూపాయలు వచ్చిందనుకోండి, మొత్తం లక్షన్నర. దాన్ని 23,400తో భాగిస్తే 6 రూపాయల 41 పైసలు. ఇది రాస్క్, అంటే ఒక్కో సీటు-కిలోమీటరుకు వచ్చిన రాబడి. ఖర్చును అలాగే భాగిస్తే కాస్క్. ఆర్టీసీ ఈపీకే, సీపీకేలను (కిలోమీటరుకు రాబడి, కిలోమీటరుకు ఖర్చు) సీట్లతో ఇంకోసారి భాగించినట్టన్నమాట.

నేను బోర్లా పడింది ఇక్కడే. పోలికకు హైదరాబాద్–ఢిల్లీ తీసుకున్నాను: 186 సీట్లు, 1,250 కిలోమీటర్లు, 158 మంది, నేను ఊహించుకున్న సగటు ఛార్జీ 5,000. రాస్క్ 3 రూపాయల 40 పైసలే వచ్చింది. కడప రూటు దాదాపు రెట్టింపు సంపాదిస్తోందని ధీమాగా ప్రెజెంటేషన్ ఇచ్చాను. "అయితే ఢిల్లీ విమానాలన్నీ కడపకు తిప్పేద్దామా?" అన్నారు సార్. క్లాసంతా గొల్లుమంది. సాయంత్రం నాయనకు చెప్పుకుంటే, "పులివెందుల ఆర్డినరీకి, హైదరాబాద్ సూపర్ లగ్జరీకి ఒకే లెక్క యాడన్నా ఉంటాదా పాపా? స్టాపు స్టాపుకూ ఆగే బండి డీజిల్ ఎంత తాగుతాది?" అన్నాడు.

సరిగ్గా అదే. పైకి లేవడానికే ఇంధనం ఎక్కువ తగలబడుతుంది. ప్రయాణం చిన్నదైనా దిగాక నేల మీద పనుల ఖర్చు తప్పదు. దిగిన ప్రతిసారీ దింపి, ఎక్కించి, తలుపు మూసేసరికి అరగంట నేల మీదే పోతుంది, లీజు అద్దె మాత్రం ఆగదు. అందుకే దూరం తగ్గేకొద్దీ కాస్క్ పెరుగుతుంది. రాస్క్, కాస్క్‌లను దాదాపు ఒకే దూరం ఉన్న రూట్ల మధ్యే పోల్చాలి. పరీక్షకు వెళ్లేముందు ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

అంకెల కోసం ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. దేశీయ ప్రయాణికుల సంఖ్య, కంపెనీలవారీ లోడ్ ఫ్యాక్టర్, మార్కెట్ వాటా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ఇస్తుంది. ఇండిగో మాతృసంస్థ ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ 2015లో స్టాక్ మార్కెట్లో లిస్టయింది కాబట్టి మూడు నెలలకోసారి ఫలితాలు బయటపెడుతుంది. అందులో రాస్క్, కాస్క్, ఇంధనం తీసేసిన కాస్క్ విడివిడిగా ఉంటాయి. విదేశీ మారక నష్టం వరుస కూడా చూడండి. టికెట్లు అమ్మేది ఎక్కువగా రూపాయల్లో, విమానాల అద్దె కట్టేది డాలర్లలో. విమాన ఇంధనమేమో జీఎస్టీ బయటే ఉంది, ఏ రాష్ట్రం వ్యాట్ దానిదే. కాబట్టి ట్యాంకు ఎక్కడ నింపుకోవాలన్నది కూడా వ్యాపార నిర్ణయమే.

ఛార్జీల ఆట చదివితే రాదు, చూస్తేనే వస్తుంది. సంక్రాంతికి ఆరు వారాల ముందు హైదరాబాద్–రాజమండ్రి ఫ్లైటు ఒకటి ఎంచుకుని, రోజూ ఒకే వేళకు రానూపోనూ ధరలు షీటులో రాయండి. అవే ఎకానమీ సీట్లను పది పన్నెండు ధరల అరల్లో పెట్టి, చవక అరను ఎప్పుడు మూయాలో ఎలా తేలుస్తారో నెమ్మదిగా అర్థమవుతుంది. పండగ ముందు పోయేవైపు ధర మండిపోతుంటే వచ్చేవైపు సీట్లు అడిగే దిక్కుండదు. పండగ స్పెషల్ బస్సుకు ఒకటిన్నర ఛార్జీ వేసినప్పుడు ఎందుకంటే ఆర్టీసీ చెప్పిన జవాబూ ఇదే, వెనక్కి ఖాళీగా రావాలని. అమెరికాలో 1978లో ఛార్జీలు, రూట్ల మీద ప్రభుత్వ అదుపు తీసేసిన (డీరెగ్యులేషన్) తర్వాత చవక ధరలతో వచ్చిన పీపుల్ ఎక్స్‌ప్రెస్‌ను అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985లో ఈ అరల కిటుకుతోనే దెబ్బతీసింది. ముందుగా కొనేవాడికి చవక, చివర్లో వచ్చే ఆఫీసువాడికి పాత ధర.

వ్యూహం పాఠం వచ్చేసరికి కింగ్‌ఫిషర్ కథ అందరూ చెబుతారు: 2005లో మొదలు, 2007లో చవక ఎయిర్‌లైన్ ఎయిర్ డెక్కన్‌లో వాటా కొనుగోలు, 2012లో మూత. విలాసాన్నీ చవకనూ ఒకే గొడుగు కిందికి తెస్తే ఏమవుతుందో చూడటానికి పనికొస్తుంది గానీ, నాకు ఇండిగోయే ఆసక్తిగా అనిపించింది. ఒకే రకం విమానమైతే పైలట్ల శిక్షణ, విడిభాగాలు, రిపేర్లు అన్నీ చవకని మొదట్నుంచీ ఏ320లతోనే నడిచిన కంపెనీ, 2017 చివర్లో ఏటీఆర్‌లు ఎందుకు తెచ్చింది? 2024లో పెద్ద ఏ350లు 30 ఎందుకు ఆర్డరిచ్చింది? గ్రూప్ డిస్కషన్‌కు ఈ రెండు ప్రశ్నలు చాలు, గంట గడిచిపోతుంది.

మా గ్రూపు ప్రాజెక్టు మళ్లీ కడపే. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ మొదలైన రోజే కడప–హైదరాబాద్ ట్రూజెట్ కంపెనీ విమానం ఎగిరింది. ఆ పథకంలో అప్పట్లో గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500కే ఇవ్వాల్సి ఉండేది, తగ్గిన మేరకు ప్రభుత్వం మూడేళ్లు వయబిలిటీ గ్యాప్ సొమ్ము ఇచ్చేది. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఆ సొమ్ము లేకుండా రూటు నిలబడాలంటే ఎంత ఛార్జీ కావాలో లెక్కేసి చూపించాం. "మిగతా పొద్దంతా ఆ విమానం ఎక్కడుంటుంది?" అన్నారు సార్. మా షీటులో ఆ గడే లేదు. కడప నుంచి చెన్నైకి, తిరిగి కడప మీదుగా హైదరాబాద్‌కు తిప్పి, రోజుకు ఎన్ని గంటలు గాలిలో ఉంటుందో కట్టడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.