ఇంజిన్ మార్చిన బండికి సొంత ఇంటేక్: తేడా ఎక్కడ కొడుతుంది, ఎలా సరిచేయాలి

గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ కారు ఒకటి నెల్లూరు ఆటోనగర్‌లో మా చేతికొచ్చింది. దాని 1.2 లీటర్ల రెనో ఇంజిన్ తీసేసి పాత హోండా సిటీ 1.5 దించాం. ఇంజిన్ కూర్చుంది గానీ సిటీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఆ చిన్న బానెట్ కింద పట్టలా. ఇలాంటి బండికి రెడీమేడ్ కిట్ ఎవరమ్ముతారు? ఇంటేక్, అంటే ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు గాలి తెచ్చే పైపు, మనమే చేసుకోవాలి. అది ఒక పూట పని. ఆ తర్వాత మొదలయ్యే తిప్పలే వారం తింటాయి.

ఏ తేడా వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీ ఇంజిన్ గాలిని ఎలా లెక్కపెడుతోంది? ఫిల్టర్ దాటగానే పైపులో వైర్ల సెన్సర్ ఉంటే అది మాఫ్. లోపలికి పోయే గాలిని నేరుగా కొలుస్తుంది. అది లేకుండా సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో ఒత్తిడిని బట్టి లెక్కగట్టేది మ్యాప్. పాత సిటీ ఇంజిన్ది ఈ రకమే. లక్షణం ఒకటే అయినా ఈ రెంటిలో కారణం వేరు. ఇది తెలియకుండా పార్టులు మారుస్తూ పోతే డబ్బు దండగ.

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) ఎగురుతూ పడుతోంది

మాఫ్ బండి అయితే సెన్సర్‌కూ, యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు థ్రాటిల్‌కూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. ఆ గాలి లెక్కలోకి రాదు, పెట్రోల్ చాలదు, స్కానర్‌లో పీ0171 కోడ్ కనిపిస్తుంది. సాధారణంగా దొరికిపోయేది ఇంజిన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌లోకి పంపే బ్రీదర్ హోస్. కొత్త పైపుకు దాని మూతి వెల్డింగ్ చేయడం మరిచిపోయి గాలికి వదిలేస్తారు. మూతి పెట్టి కలిపేస్తే సరి.

మ్యాప్ బండిలో ఫిల్టర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య చిన్న సందు ఉంటే దుమ్ము పోతుందే తప్ప ఐడిల్ చెడదు. వెతకాల్సింది థ్రాటిల్ అవతల. మేము రెండు రోజులు కొత్త పైపు జాయింట్లే తడుముతూ కూర్చున్నాం. తీరా చూస్తే బ్రేక్ బూస్టర్‌కు పోయే పాత హోస్ మలుపు దగ్గర చీలి ఉంది. హోస్ మార్చాక ఐడిల్ బుద్ధిగా నిలబడింది.

పైపులో సందు పట్టుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ తీసి ఆ మూతికి రబ్బరు బిరడా బిగించండి. బ్రీదర్ మూతి కూడా మూసి, బిరడాలో చిన్న ట్యూబు పెట్టి సైకిల్ పంపుతో మెల్లగా కొట్టండి. జాయింట్ల మీద షాంపూ నీళ్లు పూస్తే కారే చోట బుడగలు లేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా మండే కార్బ్ క్లీనర్ స్ప్రే చల్లి చూసేవాళ్లున్నారు. కాలుతున్న సైలెన్సర్ పక్కన ఆ పని నేనైతే చేయను.

పొద్దున బాగుంది, మధ్యాహ్నం లాగడం లేదు

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. ఫిల్టర్ రేడియేటర్ వెనకే ఉంటే ఇంజిన్ పీల్చేది బయటి గాలి కాదు, దాని వేడి. 30 డిగ్రీల గాలి 60కి వేడెక్కితే సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. దానికి తోడు ఇంజిన్ కంప్యూటర్ ఇగ్నిషన్‌ను, అంటే ప్లగ్గు నిప్పు కొట్టే సమయాన్ని, వెనక్కి జరుపుతుంది. వైరు కొసన సెన్సర్ ఉండే డిజిటల్ థర్మామీటర్‌ను ఫిల్టర్ పక్కన కట్టి కావలి దాకా వెళ్లి రండి. బయటి ఎండకూ ఆ అంకెకూ 10, 15 డిగ్రీలు తేడా ఉంటే దోషం దొరికినట్టే.

పైపుకు ఖరీదైన గుడ్డ చుట్టడం నాకు నచ్చదు. ఫుల్ థ్రాటిల్‌లో గాలి ఆ రెండడుగుల పైపును కంటిరెప్ప కొట్టేలోపు దాటేస్తుంది, వేడెక్కే సమయమేదీ? ఎక్కడ పీలుస్తుందన్నదే ముఖ్యం. అల్యూమినియం రేకుతో ఫిల్టర్ చుట్టూ గోడ కట్టి, పై అంచుకు కారు డోర్ బీడింగ్ తొడిగి బానెట్‌కు ఆనేలా చేయండి. ముందు గ్రిల్ నుంచి ఆ గదిలోకి దారి ఇవ్వండి. బడ్జెట్‌లో మిగిలే డబ్బు ఫిల్టర్ బ్రాండ్ మీద కాదు, ఈ రేకు మీద పెట్టండి.

ఐడిల్ బాగుంది, ఫుల్ రేస్‌లో గొంతు పట్టేస్తోంది

పైపుగా మెత్తటి సక్షన్ హోస్ వాడారా? వేడికి మెత్తబడి, ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడు అప్పడంలా అతుక్కుంటుంది. ఇంకొకరు బోరు మోటారు 63 ఎంఎం పీవీసీ పైపు పెడతారు. అది 80 డిగ్రీల దగ్గర సడలి జాయింటు జారుతుంది. కొలతలకూ వంపులకూ పీవీసీ భేషైనది, ముక్కలు కోసి అంటించి నమూనా చేసుకోండి. అసలు పైపు మాత్రం గ్రిల్ షాపులో దొరికే రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ రెయిలింగ్ పైపుతో చేయించండి. వెల్డింగ్ అయ్యాక లోపల బ్రష్షు తిప్పి కడగండి, ఒక్క చిటికెడు వెల్డింగ్ రవ్వ చాలు సిలిండర్ గీసుకుపోవడానికి.

ఇంకా లావు పైపు కావాలంటారు కొందరు. 1.5 లీటర్ల ఇంజిన్ 6500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 4400 లీటర్ల గాలి లాగుతుంది. దానికి 60 ఎంఎం లోపలి వ్యాసం చాలినంత. లావైతే శబ్దం పెరుగుతుంది, అంతే. మాఫ్ సెన్సర్‌ను 60 నుంచి 70 ఎంఎం పైపులోకి మారిస్తే అది గాలిని పావు వంతు పైగా తక్కువ చూపిస్తుంది, పెట్రోల్ చాలక ఇంజిన్ దగ్గుతుంది. అది కూర్చునే గొట్టం పాతదే ఉంచండి, బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి.

స్పీడ్ బ్రేకర్ దగ్గర జాయింటు ఊడుతోంది

క్లిప్పును ఇంకా బిగించకండి, హోస్ తెగుతుంది. ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు. పైపును బాడీకి రబ్బరు బుష్‌తో పట్టించి, థ్రాటిల్ దగ్గర ముడతలున్న లారీ ఇంటేక్ రబ్బరు ముక్క వేయండి. పైపు కొసన చుట్టూ సన్నటి గట్టు వెల్డింగ్ చేయిస్తే క్లిప్పు జారదు.

దుమ్ము, వాన

చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బండికి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ఫిల్టర్ విప్పి చూడండి. నూనె పూసి వాడే ఎయిర్ ఫిల్టర్ అయితే కడిగాక నూనె తక్కువ పూయండి. ఎక్కువైతే అది మాఫ్ సెన్సర్ లోపలి తీగ మీద చేరి తప్పు లెక్క చెప్పిస్తుంది. తీగను గుడ్డతో తుడవకండి, మాఫ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరనివ్వండి.

చల్లగాలి కోసం ఫిల్టర్‌ను బంపర్ కిందికి దించినవాళ్లకు 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫాను గుర్తుండాలి. నిలిచిన నీళ్లలో ఒక్క గుక్క లోపలికి పోయినా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే స్టార్టర్ కొట్టకండి. ప్లగ్గులన్నీ విప్పాక చేత్తో తిప్పి నీళ్లు బయటికి పోనిచ్చి, ఆ తర్వాతే తాళం చెవి ముట్టుకోండి.