ఇల్లు కట్టే కాంట్రాక్టర్ గడువు దాటిస్తే ఏం చేయాలి

గడువు దాటిన కేసులో మొదట తేలాల్సింది ఆలస్యం ఎవరి వల్ల అయిందన్నదే. అందుకే ముందు మీ ఒప్పందం ఎలాంటిదో చూడండి. కూలి కాంట్రాక్టు అయితే ఇసుక, సిమెంటు, స్టీలు తేవాల్సింది మీరే. లారీ రాక మేస్త్రీలు ఖాళీగా కూర్చున్న రోజులు మీ లెక్కలోకే వస్తాయి. మెటీరియల్‌తో సహా మాట్లాడుకుంటే ఆ బాధ్యత కాంట్రాక్టర్‌ది.

మన దగ్గర ఎక్కువగా వినిపించే సాకులు మూడు: ఇసుక దొరకలేదు, వానలు పడ్డాయి, లేబర్ మేడారం జాతరకు వెళ్లారు. వానాకాలంలో గోదావరి ఇసుక కష్టమని, రెండేళ్లకోసారి మాఘంలో జాతర వస్తుందని ఒప్పందం రోజే అందరికీ తెలుసు. ముందే తెలిసినవాటికి గడువు పెంచమనడం కుదరదని మీరు గట్టిగా వాదించవచ్చు. అయితే సెంట్రింగ్ కొట్టాక మెట్లు ఇటు మార్చమన్నా, స్లాబు బిల్లు నెల రోజులు ఆపినా ఆ వాదన బలం తగ్గిపోతుంది.

పని నడుస్తుండగానే వారానికోసారి వాట్సాప్‌లో రాసి పెట్టండి: ‘జూన్ 15కి స్లాబు పడాలి. ఈరోజు జూన్ 22. సెంట్రింగ్ సగమే అయింది, సైటులో ఇద్దరే ఉన్నారు. మూడో వాయిదా డబ్బు జూన్ 3న మీ ఖాతాలో వేశాను.’ కింద ఫొటో పెట్టండి. ఫోన్లో తిట్టుకున్నవి రుజువుకు నిలవవు. ఆ మెసేజ్‌లు ఉన్న పాత ఫోన్ పారేయకండి. ఎలక్ట్రానిక్ రుజువుకు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి.

చాలామంది నష్టపోయేది తాళాలు తీసుకునే రోజునే. 1872 కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువే ప్రధానమైన ఒప్పందంలో ఆలస్యమైన పనిని ఒప్పుకుని తీసుకుంటే, పరిహారం అడుగుతానని అప్పుడే చెప్పి ఉండాలి. తరువాత గుర్తొస్తే లాభం లేదు. గృహప్రవేశం హడావుడిలో ఉన్నా సరే, ‘ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు వదులుకోకుండా ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నాను’ అని తేదీతో రాసి పంపండి. మధ్యలో గడువు పెంచినా ఇలాగే రాయాలి.

కాంట్రాక్టర్ పని వదిలేసి పోతే వెంటనే ఇంకో మేస్త్రీని దింపకండి. కొత్త ప్లాస్టరింగ్ పడితే పాత పని ఎంతవరకు అయిందో చెప్పే రుజువు దాని కిందే పోతుంది. ఫలానా రోజు కొలతలకు రమ్మని కాంట్రాక్టర్‌కు కబురు రాసి పంపండి. రాకపోయినా లైసెన్సు ఉన్న ఇంజినీర్‌తో గది గదికీ కొలిపించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. మిగిలిన పనికి కొటేషన్లు తీసుకోండి.

నష్టం లెక్క నిజాయితీగా ఉండాలి. ఐదు నెలలు ఆలస్యమై, నెలకు 9,000 అద్దె కట్టి ఉంటే 45,000. దానికి రసీదులు జతచేయండి. మిగిలిన పనికి ఎక్కువైన ఖర్చు విడిగా చూపండి. ఒప్పందంలో వారానికి ఇంత జరిమానా అని ఉన్నా మొత్తం వచ్చి తీరుతుందనుకోకండి. అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద ఆ మొత్తం పైహద్దు మాత్రమే, దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇస్తారు.

తరువాత లాయర్ నోటీసు. 15 రోజుల గడువిచ్చి, చేరినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి. జవాబు రాకపోతే, సొంతంగా ఉండటానికి కట్టించుకున్న ఇంటికి జిల్లా వినియోగదారుల కమిషన్ దగ్గరి దారి. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు అక్కడే వేయాలి. ఆ సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (గొడవను కోర్టులో కాక మధ్యవర్తి ముందు తేల్చుకోవాలన్నది) ఉన్నా ఈ దారి మూసుకోదు. సివిల్ కోర్టుకు వెళ్తే మాత్రం అవతలివాళ్లు ఆ షరతు చూపి అడ్డుకోవచ్చు. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే చట్టం) కింద నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు కొన్నవాళ్లు ఆ చట్టం 18వ సెక్షన్ కింద ఆలస్యానికి వడ్డీ అడగవచ్చు. సొంత జాగాలో కట్టించుకునే ఇంటికి రెరా పనికిరాదు.

కమిషన్‌కు రెండేళ్లు, సివిల్ కోర్టుకు మూడేళ్లు గడువు. ‘వచ్చే నెల చేస్తా’ అనే నోటిమాటలతో అది పెరగదు.