తొమ్మిదో తరగతి నుంచే పది తర్వాతి దారి సిద్ధం చేసుకోవడం ఎలా?

"పిల్లాడు తొమ్మిదిలోకి వచ్చాడు సార్, ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమంటారా?" జూన్ వచ్చిందంటే తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. బర్త్ సర్టిఫికెట్‌లో పిల్లాడి పేరు ఎక్కిందా అని నేను తిరిగి అడిగితే, సంబంధం లేని మాటేదో అన్నట్టు చూస్తారు.

హైదరాబాద్‌లో పదో తరగతి పిల్లల వివరాలు బోర్డుకు పంపే పని చాలా ఏళ్లుగా నా నెత్తిన ఉంది. ర్యాంకు రాలేదని బాధపడేవాళ్లకు ఏదో ఒకటి చెప్పి పంపొచ్చు. ర్యాంకు వచ్చి, కాగితంలో ఒక అక్షరం తేడా ఉందని కౌన్సెలింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. అదంతా తొమ్మిదో తరగతిలో తీరిగ్గా చేసుకోగలిగిన పని మరి. ఎలాగో చెప్తాను.

1. ఒక ఫైలు పెట్టండి

అరలున్న ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి కొనండి. బర్త్ సర్టిఫికెట్, పిల్లాడి ఆధార్, అమ్మానాన్నల ఆధార్, కుల ధ్రువపత్రం, పాత స్కూలు టీసీ నకలు, ఆరు ఫోటోలు అందులో పెట్టండి. లామినేషన్ చేయించకండి. మార్కుల మెమోల మీద అసలే వద్దు, పరిశీలనలో ఒప్పుకోక తిప్పి పంపే ఆఫీసులున్నాయి. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి దాచడం దండగ, అవసరమైన ఏడాది మీసేవలో కొత్తది తీసుకోవాల్సిందే. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేకుండా తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉంటే, వెంటనే మీసేవకు వెళ్లి పేరు చేర్పించండి.

2. ఆధార్ సరిచేయించండి

పిల్లలకు 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక ఇంకోసారి వేలిముద్రలు, కంటి పాప మళ్లీ ఇవ్వాలి. ఆ రెండోది సరిగ్గా తొమ్మిది, పది తరగతుల మధ్య వస్తుంది. మానేస్తే ప్రవేశ పరీక్ష గేటు దగ్గర వేలు పెట్టి నిలబడాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి సాధారణంగా ఒక్క అవకాశమే ఇస్తారు, పేరుకు రెండు. కాబట్టి ఏది సరైనదో ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే సెంటర్‌కు వెళ్లండి. స్కూల్లో అపార్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రావాలన్నా ఆధార్‌లో పేరూ స్కూలు రికార్డులో పేరూ ఒకటే కావాలి. అది రాలేదంటే తేడా ఎక్కడో ఉందన్నమాట. ఆ లెక్కన అపార్ మంచి పరీక్షే.

3. పాత స్కూళ్ల బోనఫైడ్లు (అక్కడ చదివాడని ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు) తెచ్చుకోండి

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడు తరగతుల చదువు. అంటే మీవాడు హైస్కూల్లో సర్దుకునేసరికి ఆ లెక్క అప్పటికే ముగిసిపోయింది, కాగితాలు తెచ్చుకోవడమే మిగిలింది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ సర్టిఫికెట్ల పరిశీలనలో ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. రెండూ కలిపితే ఒకటి నుంచి ఇంటర్ దాకా ప్రతి క్లాసుకూ కాగితం ఉండాలి.

మన నగరంలో అద్దె ఇంట్లో నడిచే స్కూలు ఈ ఏడు ఉంటే వచ్చే ఏడు ఉండదు. బోర్డు పీకేశాక బోనఫైడ్ కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు చుట్టూ తిరగాలి. స్కూలు తెరిచి ఉన్నప్పుడైతే ఒక్క పూట పని.

ఈ స్థానికత గొడవలోనే ఇంకో ముడి ఉంది. డాక్టర్ చదువు మీద ఆశ ఉన్నవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం రాష్ట్ర కోటాలో మెడికల్ సీటు కావాలంటే ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. లెక్కేసుకోండి, ఆ నాలుగేళ్లు మొదలయ్యేది తొమ్మిదో తరగతిలో. విజయవాడ హాస్టల్ బాగుందటనో, రాజస్థాన్ కోచింగ్ గొప్పదటనో ఇంటర్‌కు అక్కడ చేర్పిస్తే సీటు దగ్గర ఏమవుతుందో చేర్పించకముందే ఆలోచించాలి. కొందరికి మినహాయింపులున్నాయి, నోటిఫికేషన్ మొత్తం చదవండి. పక్కింటివాళ్లు చెప్పింది కాదు, నోటిఫికేషన్.

4. నామినల్ రోల్: అసలు పని ఇదే

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో స్కూలు ప్రతి పిల్లవాడి వివరాలూ బోర్డుకు ఎక్కిస్తుంది. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మీడియం, రెండో భాష, కులం, రెండు పుట్టుమచ్చలు, ఫోటో, సంతకం. దాన్ని నామినల్ రోల్ అంటారు. మార్చిలో పరీక్షలయ్యాక మెమో మీద అచ్చయ్యేది అదే. ఆ తర్వాత ఇంటర్ మెమో, ఈపాస్ స్కాలర్‌షిప్, ఇంజినీరింగ్ పట్టా, పాస్‌పోర్టు, ఉద్యోగం, అన్నీ దాన్ని చూసే రాస్తారు. సీబీఎస్ఈ స్కూళ్లలో ఇది ఇంకా ముందే, తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లోనే పడిపోతుంది. స్టేట్ సిలబస్‌వాళ్లకున్న ఏడాది గడువు వాళ్లకు లేదు.

స్కూలువాళ్లు ప్రింటు తీసి పిల్లాడి చేతికిచ్చి, ఇంట్లో చూపించి సంతకం పెట్టించుకు రమ్మంటారు. రాత్రి తొమ్మిదింటికి భోజనాల దగ్గర ఆ కాగితం బయటికొస్తుంది. నాన్న ఒక కన్ను టీవీ మీద పెట్టి సంతకం గీకేస్తాడు. కొన్ని స్కూళ్లయితే వాట్సాప్‌లో ఫోటో పెట్టి "ఓకే అనండి" అంటాయి. అనకండి. "మేం చూసుకుంటాం లెండి" అనే స్కూలును అసలు నమ్మకండి. రెండు వందల మంది పేర్లు ఒకే మనిషి ఒకే మధ్యాహ్నం కొడతాడు, ఆయన తప్పేం లేదు.

పేరుతో మొదలుపెట్టండి. ఇంటిపేరు పూర్తిగా రాయాలి, ముందు రాయాలి, పొడి అక్షరాలు వద్దు, చుక్కలు వద్దు. ఇది నా పట్టుదల అనుకున్నా పర్వాలేదు. "కె" అని ఒక్క అక్షరం పెట్టినవాళ్లకు అది కొండానా, కావలినా, కేతావత్‌నా అని ఎవరికి తెలుసు? ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, మెమోలో పొడి అక్షరం ఉంటే ఇద్దరు మనుషుల కింద చూసే ఆఫీసులున్నాయి. ఇంటిపేరే రాయకుండా వదిలేస్తే తిప్పలు ఇంకో రకం. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. ఒకటి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఈ నగరంలో ఎంఎస్‌కు వెళ్లాలనుకోని ఇంజినీరింగ్ పిల్లవాడెవడో నాకు చూపించండి, వాడికి మాత్రం మినహాయింపు ఇస్తాను.

తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగ్. లక్ష్మిలో కేఎస్‌హెచ్ ఉందా, ఎక్స్ ఉందా. శ్రీ ఎస్ఆర్ఐనా, ఎస్‌హెచ్ఆర్ఈఈనా. గౌడ్‌లో యూనా, డబ్ల్యూనా. పాతబస్తీలో మొహమ్మద్‌ను ఒక కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో ఎండీ అని రాసిన ఇళ్లు ఎన్నో. ఏది సరైనదని నన్ను అడగొద్దు, అన్నిట్లో ఒకటే ఉండాలి, అంతే. న్యూమరాలజీ చూసి పేరులో ఇంకో "ఏ" కలపమన్నారని పదో తరగతి అక్టోబర్‌లో వచ్చేవాళ్లకు నా దగ్గర ఒకటే జవాబు: ఆ అక్షరం మీద అంత నమ్మకముంటే తొమ్మిదో తరగతిలోనే ఆధార్ నుంచి, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్ నుంచి మార్చుకు రండి. నామినల్ రోల్‌లో మాత్రమే కలిపితే అదృష్టం సంగతి పక్కన పెట్టండి, స్కాలర్‌షిప్ ఆగుతుంది.

తల్లి పేరు దగ్గర పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు కలగాపులగం అవుతాయి. అమ్మ ఆధార్‌లో ఏముందో అదే రాయండి. తండ్రి పేరు ముందు శ్రీ, వెనక గారు తగిలించకండి. నవ్వకండి, "గారు"తో సహా ఎక్కిన మెమో నేను చూశాను.

పుట్టిన తేదీ దగ్గర ఊపిరి బిగబట్టి చదవండి. నర్సరీ సీటు కోసం నాలుగు నెలలు ముందుకు జరిపిన తేదీలు ఇక్కడే బయటపడతాయి. రోజూ నెలా తారుమారైనవీ ఇక్కడే. నీట్ రాయాలంటే ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పిల్లాడిని ఒక క్లాసు ఎగరేసి గొప్పగా చెప్పుకున్న ఇళ్లు అప్పుడు ఏడాది కూర్చోబెట్టాల్సి వస్తుంది.

పుట్టుమచ్చలను ఎవరూ పట్టించుకోరు. స్కూల్లో అటెండర్ "కుడి చేతి మీద రాసేయ్" అంటాడు. అవి మెమో మీద జీవితాంతం ఉంటాయి, ఉద్యోగాల్లో వైద్య పరీక్షప్పుడు వాటిని చూసే రోజూ వస్తుంది. నిజంగా ఉన్నవి, బట్టల కింద దాక్కోనివి రెండు ఇంట్లోనే చూసి రాసివ్వండి.

సరిచూసే పద్ధతి కూడా చెప్తాను, ఇష్టమొచ్చినట్టు చూస్తే కన్ను మోసం చేస్తుంది. ఒకరు ఆధార్ పట్టుకుని ఒక్కో అక్షరం పైకి చదవాలి. ఇంకొకరు ప్రింటు మీద ఆ అక్షరం కింద పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. చదివేది పిల్లాడైతే మంచిది, పేరు వాడిది. తప్పు దొరికితే ఎర్ర పెన్నుతో దిద్ది, పక్కన సరైనది పెద్ద అక్షరాల్లో రాసి, దానికి రుజువు నకలు జతచేసి ఇవ్వండి. నోటిమాటగా చెప్పి రావొద్దు.

సగంమంది బోల్తా పడేది ఆ తర్వాతే. దిద్ది ఇచ్చాం కదా అని వదిలేస్తారు. పేరు దిద్దుతూ టైపు చేసినవాళ్లు తేదీని కదిలించి ఉండొచ్చు, లేదా దిద్దింది సేవ్ కాకపోయి ఉండొచ్చు. రెండో ప్రింటు అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. రెండోదాన్ని కూడా మొదటి అక్షరం నుంచి చూసి, దాని నకలు ఫైల్లో పెట్టుకున్నాకే సంతకం చేయండి.

ఇంత చేశాక కూడా మెమోలో తప్పు వస్తే, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో సరిగ్గా ఉందేమో చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే హెడ్‌మాస్టర్ ద్వారా డీఈఓకు, అక్కడి నుంచి బోర్డుకు దరఖాస్తు వెళ్తుంది. ఆలస్యమైనా పని అవుతుంది. రిజిస్టర్‌లోనే తప్పుంటే చాలా కష్టం. అందుకే తొమ్మిదో తరగతిలోనే హెడ్‌మాస్టర్‌ను అడిగి రిజిస్టర్‌లో మీ పిల్లాడి వరుస ఒకసారి చూడమంటాను. చాలామంది తల్లిదండ్రులకు ఆ రిజిస్టర్ ఒకటుందనే తెలియదు.

5. గ్రూపు ఎంచుకోండి

ఫౌండేషన్ బ్యాచ్‌ల సంగతి. ఎనిమిదో తరగతి పిల్లాడికి ఇంటర్ ఫిజిక్స్ చెప్పడం కంటే, ఎనిమిదో తరగతి లెక్కలు తప్పుల్లేకుండా చేయించడం మేలని నేను ఎప్పటినుంచో అంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్ హోర్డింగులకు నా మాట నచ్చదు.

లెక్కలు, సైన్సు పుస్తకాల్లో ఏది పిల్లాడు చెప్పకుండా తెరుస్తాడో తొమ్మిది, పది తరగతుల్లో గమనించండి. నీట్‌కు బయాలజీ తప్పనిసరి, ఒట్టి ఎంపీసీతో కుదరదు. బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. సీఈసీ (కామర్స్ గ్రూపు), హెచ్ఈసీ (హిస్టరీ గ్రూపు) అనగానే మొహం ముడుచుకునేవాళ్లు శామీర్‌పేటలో న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ ఉందని, దానికి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలని, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సులకు సీయూఈటీ ప్రవేశ పరీక్షతో వెళ్లొచ్చని పిల్లలకు చెప్పండి. పది అవగానే పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతిపని ఇష్టమున్న పిల్లలకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. పది మార్కులతోనే ఆరేళ్ల బీటెక్‌కు తీసుకునే బాసర ట్రిపుల్ ఐటీ కూడా ఉంది.

ఇంటర్ మార్కులకు ఈఏపీసెట్‌లో వెయిటేజీ తీసేశారని వాటిని గాలికొదిలే కాలేజీలున్నాయి. జేఈఈ మెయిన్‌తో ఎన్ఐటీ సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. రెండో భాషగా మార్కుల కోసం సంస్కృతం తీసుకోమంటారు. తెలుగు పిల్లలు తెలుగే తీసుకోవాలి. మార్కులు దానికీ వస్తాయి.

6. తేదీలు గోడకు అంటించండి

పది ఫలితాలు, పాలీసెట్, ఇంటర్ ప్రవేశాలు, ఆ తర్వాత రెండేళ్లకు జేఈఈ, నీట్, ఈఏపీసెట్, డిగ్రీకి ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్. ప్రతిదానికీ అధికారిక వెబ్‌సైటు ఒక్కటే నమ్మండి. దరఖాస్తుకు పిల్లాడి నంబరు కాదు, తల్లి ఫోన్ నంబరు ఇవ్వండి. పిల్లలు సిమ్ మారుస్తారు, ఓటీపీ పాత నంబరుకు పోతుంది.

ఇంటర్‌లో చేర్చేటప్పుడు ఒరిజినల్ మెమో, టీసీ అడుగుతారు. ఇచ్చేముందు రెండు వైపులా స్కాన్ చేసి, నాలుగు నకళ్లు తీసి, ఏవేవి ఇచ్చారో పేరుపేరునా రాసి, దాని మీద కాలేజీ ముద్రతో సంతకం తీసుకోండి. ఫీజు రసీదు చాలదా అంటారు. చాలదు, అందులో మెమో నంబరు ఉండదు.