వలస వార్తను చదవడం – మూడో పాఠం: ‘వస్తున్నారు’ వెనుక ‘ఇస్తున్నాం’

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. వారం రోజుల పత్రికల్లో వలసవచ్చినవారి గురించిన వార్తలు కత్తిరించి, ఒక్కో వాక్యంలో కర్త ఎవరో గీత గీయమన్నాను. చేసినవారు ఒక సంగతి గమనించే ఉంటారు: ఆ వాక్యాల్లో వచ్చినవారు కనిపిస్తారు, పని పోగొట్టుకున్నవారు కనిపిస్తారు, పిలిపించుకున్నవారు మాత్రం కనిపించరు. ఆ మూడో మనిషిని వాక్యంలోకి తీసుకురావడం ఎలాగో ఇవాళ నేర్చుకుందాం.

హైదరాబాదులో ఏదైనా కూలీల అడ్డా దగ్గర ఉదయం ఏడింటికి నిలబడితే చాలు, పాఠ్యపుస్తకం అక్కడే దొరుకుతుంది. తాపీ, టిఫిన్ డబ్బా ఉన్న సంచీ భుజానికి తగిలించుకుని పాలమూరు నుంచి వచ్చిన పనివాడు నిలబడి ఉంటాడు. మేస్త్రీ బండి ఆపుతాడు, దిగడు. పనివాడు వెయ్యి అడుగుతాడు. “బీహారోళ్లు ఏడొందలకే వస్తున్నరు, నీకు వెయ్యెందుకియ్యాలె?” అంటాడు మేస్త్రీ. అంకెలు లెక్క కోసం నేను పెట్టినవి. మాట మాత్రం అడ్డాలో నిలబడినవారికి కొత్తది కాదు.

ఈ వాక్యంలో క్రియ ‘వస్తున్నరు’. ఏడు వందలు అనే రేటు బీహారువాడు రైల్లో మూటగట్టుకుని తెచ్చినట్టు వినిపిస్తుంది. ఇప్పుడు క్రియను మార్చి రాయండి: “బీహారోళ్లకు మేం ఏడొందలే ఇస్తున్నం.” విషయం మారలేదు, దాక్కున్న కర్త బయటికొచ్చాడు. ‘వచ్చు’ను ‘ఇచ్చు’గా మార్చడమే ఈ పాఠంలోని మెళకువ.

మార్చాక మరో ప్రశ్న దానంతటదే వస్తుంది: ఆ ఏడు వందలకు అతడు ఎందుకు ఒప్పుకుంటాడు? ఊళ్లో తీసుకున్న అడ్వాన్సు తీరాలి. ఉండేది సైటులోని రేకుల షెడ్డులో గనుక యజమానితో గొడవపడితే రాత్రికి నీడ ఉండదు. పండక్కి ఇంటికి పోయేదాకా కూలిలో కొంత గుత్తేదారు దగ్గరే ఆగిపోతుంది. ఇది పాత సంగతే. ఒడిశాలో ‘దాదన్’ అని పిలిచే ఈ పద్ధతిని చూసే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. ఒకే రకం పనికి స్థానికుడితో సమానమైన కూలి, రాకపోకల ఖర్చు, ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం గానీ 75 రూపాయలు గానీ ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని అందులో రాశారు. ఆ సమానకూలి అమలై ఉంటే మేస్త్రీ నోట ఆ వాక్యమే పుట్టేది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాలమూరు పనివాడి కోపాన్ని సంకుచితత్వమని కొట్టిపారేయకండి; అతని మూడు వందలు నిజంగానే పోయాయి. ఇంగ్లండు కార్మికుడికీ ఐరిష్ కార్మికుడికీ మధ్య ఇలాంటి వైరాన్నే గమనించిన మార్క్స్, యజమానుల వర్గం అధికారం నిలబడడానికి అదే రహస్యమని 1870లో ఒక లేఖలో రాశాడు. 1907లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో కొన్ని జాతుల కార్మికులను రానివ్వకూడదన్న వాదన కూడా వచ్చింది. సభ దాన్ని ఒప్పుకోలేదు. తన శ్రమ మీదా కూలి మీదా కార్మికుడికి హక్కు లేకుండా చేసే ఒప్పందాలతో మనుషులను తరలించడాన్ని మాత్రం నిషేధించమంది. మనిషిని ఆపమనలేదు, ఆ ఒప్పందాన్ని ఆపమంది. ఈ తేడా పట్టుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

అదే పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ మనుషులు గల్ఫ్‌లో ‘బీహారోళ్లు’ అవుతారు. 2020లో కేంద్రం గల్ఫ్‌లోని భారతీయ కార్మికుల కనీస వేతనాలను తగ్గిస్తూ ఉత్తర్వులిచ్చి, నిరసనలొచ్చాక 2021లో వెనక్కి తీసుకుంది. ఉన్న ఉద్యోగాలు కాపాడటానికే తగ్గించామన్నారు. మేస్త్రీ వాక్యాన్నే ఈసారి ప్రభుత్వం పలికింది.

కాందిశీకుల విషయంలో ఈ మెళకువ ఒక్కటే సరిపోదు. హైదరాబాదు శివారు బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా మనిషి కూలి డబ్బుల కోసం ఊరు విడవలేదు. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం అతనికి దేశమే లేకుండా చేసింది, సైన్యం దాడులు ఇల్లు లేకుండా చేశాయి. అతన్నీ చవక శ్రమ లెక్కలోనే వేసేయడం మన సోషలిస్టు మిత్రులు చేసే పొరపాటని నా అభిప్రాయం. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు గనుక ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో అతడు విదేశీయుడే. కూలి ఎగ్గొడితే ఠాణాకు వెళ్లడానికి భయం. అందువల్ల అతని వార్తకు రెండు ప్రశ్నలు వేయండి: ఆ భయం వల్ల ఎవరి ఖర్చు తగ్గుతోంది? తిరిగి వెళ్లడానికి అతనికి చోటుందా?

అభ్యాసం: కరోనా లాక్‌డౌన్‌లో పనులు, రైళ్లు ఆగిపోయి చిక్కుకున్న వలస కార్మికులను ఊళ్లకు చేర్చడానికి 2020 మే 1న, అంటే కార్మిక దినోత్సవం నాడే, హైదరాబాదులోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. “వలస కార్మికులు సొంతూళ్లకు వెళ్లిపోయారు” అన్న వాక్యాన్ని తీసుకుని, పని ఆపినవారు, రైళ్లు ఆపినవారు, కూలి ఇవ్వవలసినవారు ముగ్గురూ కర్తలుగా కనిపించేలా మూడు వాక్యాలు రాయండి. వచ్చే పాఠానికి వాటితోపాటు మీ ఇంట్లో గల్ఫ్‌కు వెళ్లివచ్చినవారు ఎవరైనా ఉంటే, వీసాకు ఏజెంటుకు ఎంత కట్టారో, అది తీరడానికి ఎన్ని నెలల జీతం పట్టిందో అడిగి రాసుకోండి.